చెల్లె చూసిన పిట్ట

దసరా సెలవులకు మా అమ్మాయి వాళ్లు రాజస్థాన్ పోయి వచ్చారు. ఎడారి నేషనల్ పార్కు చూపిద్దామని ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని పోయారు. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నవాడికి నాలుగు. తిరుగు ప్రయాణంలో నేరుగా పాల్వంచలో మా ఇంటికే వచ్చి దిగారు. వరండాలో పిల్లల బూట్లు విప్పి దులిపితే పిడికెడు ఇసుక రాలింది. మెత్తటి, పసుపుపచ్చ ఇసుక. మా గోదావరి ఇసుక లాంటిది కాదు. నేను చీపురు పట్టుకుని ఊడవకుండా కాసేపు అట్లాగే నిలబడ్డాను.

మనవరాలు మాత్రం ముఖం ముడుచుకునే ఉంది.

"బట్టమేక పిట్ట కనపడనే లేదు అమ్మమ్మా! మూడు రోజులు జీపులో తిరిగినం. ఇప్పుడు శానా తక్కువున్నయంట. నువ్వు చూసినవ్ గద, ఎట్లుంటదో మళ్లీ చెప్పు."

ఎదురుగా మా చెల్లె కూర్చుని ఉంది. దమ్మపేట దగ్గర బళ్లో టీచరు. పిల్లలు వచ్చారని తెలిసి సంచెడు సీతాఫలాలు పట్టుకొచ్చింది. ఒక్కో తొనలో గింజ తీసేసి, చిన్నవాడికి పెడుతోంది. మనవరాలి మాట విని తలెత్తలేదు. నలభై ఏళ్లుగా ఆ పిట్ట కథ నేను ఎప్పుడు ఎత్తుకున్నా తను అట్లాగే తల దించుకుని ఏదో ఒక పనిలో ఉంటుంది.

మనవరాలికి జవాబు చెప్పబోయి ఆగిపోయాను.

*

మా చిన్నప్పుడు నాయన కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. క్వార్టర్లలో మాది చివరి వరుస. వెనక గోడ దాటితే తునికి చెట్లు, ఇప్ప చెట్లు, ఆ తర్వాత అడవే. ఎండాకాలం పొద్దున్నే ఇప్పపువ్వు వాసన వంటింట్లోకి వచ్చేది. వానాకాలం వచ్చిందంటే మాత్రం ఇల్లంతా ఇంకో వాసన. తడి గోడలు, ఆరని బట్టలు, పొయ్యి మీద మరిగే అడ్డసరం ఆకు. ఆ కషాయం మా చెల్లె కోసం.

చెల్లెకు పుట్టుకతోనే ఆయాసం. నాకంటే ఐదేళ్లు చిన్నది. ముసురు పట్టిందంటే చాలు, పిల్లి కూన లోపల ఇరుక్కున్నట్టు దాని ఛాతీలోంచి సన్నగా ఈల వినపడేది. అప్పుడు ఇంట్లో అందరూ దాని చుట్టే. అమ్మ దాన్ని వీపు మీద వేసుకుని గదంతా తిరిగేది. నాయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే "చిన్నదెట్లుంది?" అని అడిగేవాడు. నేను గుమ్మం దగ్గరే కూర్చుని ఉండేదాన్ని. నన్ను దాటుకుని పోయి మరీ అడిగేవాడు.

ఒకసారి నేనూ ఖళ్లు ఖళ్లున దగ్గాను. రోజంతా దగ్గాను. సాయంత్రానికి గొంతు నిజంగానే బొంగురుపోయింది. మా నాయనమ్మ నా ముఖంలోకి చూసి, "గిది దొంగ దగ్గు. అయినా మంచిదే, తాగు" అని గ్లాసెడు అడ్డసరం కషాయం తాగించింది. ఎంత చేదంటే మర్నాడు అన్నం కూడా చేదుగా ఉంది. నన్ను ఎవరూ వీపు మీద వేసుకోలేదు. ఆ కోపంతో చెల్లె ఉన్ని టోపీని గోడ అవతల తుప్పల్లోకి విసిరేశాను. కోతులు ఎత్తుకుపోయాయని చెప్పాను. నమ్మారు. అట్లాంటివి కోతులు చేస్తూనే ఉండేవి.

ఆ ఏడు నాయనకు ఎల్టీసీ వచ్చింది. కుటుంబంతో ఎక్కడికైనా పోవచ్చు. నేను ఊటీ అన్నాను. మా వరుసలో మొదటి ఇంటివాళ్లు ఊటీ పోయి, చిన్న రైలు ముందు నిలబడి ఫోటో దిగి వచ్చారు. బళ్లో అందరికీ ముందే చెప్పేశాను, మేం ఊటీ పోతున్నామని. నాయన కూడా "సరే తియ్" అన్నాడు. ఇంతలో చెల్లెను దవాఖానాకు తీసుకుపోయి వచ్చారు.

"తేమ పడదన్నడు డాక్టరు. ఎక్కడన్న గాలి పొడిగుండే జాగల కొన్నాళ్లు తిప్పితే మంచిదన్నడు" అని నాయన అమ్మతో అంటుంటే విన్నాను. "ఊటీల మబ్బులు ఇండ్లళ్లకు వస్తయంట. వద్దు. రాజస్థాన్ పోదాం. ఎడారి. పిల్లలకు ఒంటెలు చూపెట్టొచ్చు."

"మరి పెద్దది ఊటీ అని ఎగురుతాంది గద?" అంది అమ్మ.

"దానికేమయితది, మంచిగనే ఉంది గద!"

మంచిగా ఉండడం నా తప్పు అయినట్టు అనిపించింది. ఆ రోజు అన్నం తినలేదు. ఎవరూ గమనించలేదు. చెల్లె మాత్రం తన గిన్నెలోంచి ఒక అప్పడం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తీసుకుని నలిపి పారేశాను.

*

ఖమ్మంలో రైలెక్కాం. ఢిల్లీలో మారాం. ఆ తర్వాత చిన్న పట్టాల రైలు. అమ్మ కట్టుకొచ్చిన పులిహోర మొదటి రోజుకే అయిపోయింది. జొన్నరొట్టెలు, నువ్వుల పొడి, చింతకాయ తొక్కు మూడో రోజు దాకా వచ్చాయి. కిటికీ దగ్గర సీటు ఒక్కటే దొరికితే అది చెల్లెకు. గాలి ఆడాలి కదా! నేను మధ్యలో కూర్చుని, కిటికీలోంచి చూస్తున్న దాని తల వెనక భాగాన్ని చూస్తూ దేశమంతా దాటాను.

రైలు ముందుకు పోయేకొద్దీ చెట్లు పలచబడ్డాయి. పొట్టివైపోయాయి. చివరికి ఇసుక, ముళ్లు, ఆకాశం. మా వెనక గోడ ఎక్కితే నాలుగు బారల అవతల ఏముందో కనిపించదు, అంతా ఆకే. ఇక్కడ ఎంత దూరం చూస్తే అంత దూరం కనపడుతోంది. నాకు భయం వేసింది, కానీ చెప్పలేదు.

చెల్లెకు రెండు రోజుల్లో ఈల ఆగిపోయింది. పుట్టిన తర్వాత మొదటిసారి అది ఆపకుండా ఉరకడం చూశాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. నాయన నవ్వుతూ దాని వెనక ఉరికాడు. మేం దిగిన ఊరి బయట రాయిగా మారిపోయిన చెట్ల మొద్దులు చూపించడానికి తీసుకుపోతే, నాయన ఆ మొద్దు మీద చెయ్యి పెట్టి, "ఇదంత ఒకప్పుడు మన అడివి లెక్కనే ఉండెనంట బిడ్డా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అన్నది మాత్రం భుజం మీద కూర్చున్న చెల్లెతో.

దసరా రోజు నేషనల్ పార్కుకు పోయాం. అప్పట్లో జీపులవీ ఎక్కువ లేవు. పెద్ద తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన ఒంటె బండి మీద తీసుకుపోయాడు. నాయనకు ఉర్దూ వచ్చు కాబట్టి ఇద్దరూ మాట్లాడుకుంటూ పోయారు. ఇక్కడ ఒక పెద్ద పిట్ట ఉంటుందని, దాని పేరు గోడావణ్ అని, మనిషి నడుము దాకా వస్తుందని, అది కనపడ్డవాళ్ల అదృష్టమని ముసలాయన చెప్పాడు.

"అరే, బట్టమేక పిట్ట! కర్నూలు దిక్కు ఉంటదని పేపర్ల చదివిన" అన్నాడు నాయన.

"మేక పిట్టా? మే... అంటదా?" అని చెల్లె అడిగింది. ముసలాయనకు తెలుగు రాకపోయినా దాని మొహం చూసి నవ్వాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ పిట్టను నేనే ముందు చూడాలని పట్టుబట్టి గడ్డిలోకి చూస్తూ కూర్చున్నాను. కళ్లు మండేదాకా రెప్ప వేయలేదు. నక్క కనపడింది, జింకలు కనపడ్డాయి. పిట్ట కనపడలేదు.

మధ్యాహ్నం ఒక చెట్టు కింద బండి ఆపారు. అమ్మ చెట్టు మీద చెయ్యి వేసి, ఆకు తుంపి వాసన చూసి గట్టిగా అరిచింది. "ఇది జమ్మి! చూడుండ్రి, ఇది మన జమ్మి చెట్టు!" నిజమే. మా దగ్గర దసరాకు ఒక్క జమ్మి చెట్టు కోసం ఊరంతా గుమిగూడుతుంది. ఇక్కడ ఎటు చూసినా అదే. పండగ రోజు ఇల్లు వదిలొచ్చామని పొద్దుటి నుంచి దిగులుగా ఉన్న అమ్మకు ప్రాణం లేచొచ్చింది. పసుపు లేదు, కుంకుమ లేదు. తలా ఇన్ని నీళ్లు చల్లుకుని దండం పెట్టుకున్నాం. నాయన ఆకు కోసి, బంగారం అంటూ అందరికీ పంచాడు. మొదట చెల్లె అరచేతిలో పెట్టాడు. పెద్దపిల్లను, నేను చెయ్యి చాపే ఉన్నాను.

రొట్టెలు తిన్నాక అమ్మ తల నొస్తోందని బండి నీడన, చెట్టుకు అవతలి వైపు పడుకుంది. ముసలాయన ఒంటెను బండి నుంచి విప్పి, పిల్లలను ఎక్కించి నీళ్ల తొట్టి దాకా తిప్పుతానన్నాడు. నాయనతో పాటు ఒక్కరే పడతారు.

"ముందు చిన్నదాన్ని తిప్పుత. నువ్వు పెద్దదానివి గద, తర్వాత" అన్నాడు నాయన. అని, ఒంటెకు జీను కట్టడంలో ముసలాయనకు సాయం చేయడానికి పోయాడు.

అప్పుడు చేశాను ఆ పని.

చెల్లె చెయ్యి పట్టుకున్నాను. "దా, నీకు మేక పిట్టను చూపిస్త" అన్నాను. అది ఎగురుకుంటూ వచ్చింది. మా నడుముల దాకా పెరిగిన గడ్డిలోంచి, ఒక చిన్న ఇసుక దిబ్బ దాటించి, అవతల ఒక ముళ్లపొద వెనక కూర్చోబెట్టాను.

"కదలొద్దు. మాట్లాడొద్దు. నేను వచ్చి పిలిచేదాక గిట్లనే కూసోవాలె. కదిలినవంటే పిట్ట రాదు."

"అవ్" అంది. మోకాళ్ల మీద రెండు చేతులు పెట్టుకుని, బళ్లో కూర్చున్నట్టు కూర్చుంది.

వెనక్కి వచ్చి నాయనతో, "చెల్లె అమ్మ దగ్గర పండుకుంది" అన్నాను.

"గట్లనా? మరి నువ్వు దా."

ఒంటె లేస్తుంటే నాయన నన్ను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఆయన చొక్కాకు ఎన్నిసార్లు ఉతికినా పోని మిషన్ ఆయిల్ వాసన ఉండేది. అది నాకు అంత దగ్గరగా తగలడం అదే మొదలు. దారిలో నన్ను ఏం చదువుతున్నావని, లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయని అడిగాడు. ఊటీ తీసుకుపోనందుకు కోపం వచ్చిందా అని అడిగాడు. ఆయనకు ఆ సంగతి గుర్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. నీళ్ల తొట్టి దగ్గర ఒంటె తాగినంతసేపు తాగింది. ఇంకా తాగితే బాగుండునని నేను కోరుకున్నాను. పొద వెనక చెల్లె ఉందన్న సంగతి మరిచిపోయానని చెబితే అబద్ధం. గుర్తుంది. గుర్తుండే, ఇంకో చుట్టు తిప్పమని అడిగాను.

తిరిగొచ్చేసరికి అమ్మ లేచి కూర్చుని ఉంది.

"చిన్నది ఏది? నీ దగ్గర లేదా?"

నాయన నా వైపు చూశాడు. నేను దిగి ఉరికాను.

గడ్డి ఎటు చూసినా ఒకేలాగుంది. దిబ్బ ఎక్కితే అవతల అట్లాంటివే నాలుగు దిబ్బలు, పది పొదలు. మా అడవిలో అయితే ఏ చెట్టు ఏ చెట్టో నాకు తెలుసు. ఇక్కడ అన్నీ ఒకటే. వెనక అమ్మ చెల్లె పేరు పెట్టి కేకలు వేస్తోంది. ముసలాయన ఇంకో వైపు పోయాడు. చెల్లె పలకదు. పలకొద్దని చెప్పింది నేనే.

ఎంతసేపు ఉరికానో తెలియదు. ఒక పొద దాటగానే కనపడింది. చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. గౌను తడిసి ఉంది, ఒంటికి పోవడానికి కూడా లేవలేదు. ఎండకు మొహం కందిపోయింది. కళ్లు మాత్రం ఎట్లా మెరుస్తున్నాయో చెప్పలేను.

"అక్కా, వచ్చిందే!" అంది గుసగుసగా. "గింత పెద్దగున్నది. తెల్ల మెడ. నెత్తి మీద నల్ల టోపి. చేతులు ఎనకకు కట్టుకున్న పంతులు లెక్క నడిసింది. నన్ను చూసింది. నేను ఊపిరి గూడ తీస్కోలే. ఇప్పుడే అటు పోయింది. నువ్వు ఇంత లేటెందుకు చేసినవే?"

ముసలాయన వచ్చాడు. పొద ముందు ఇసుకలో మూడు వేళ్ల అడుగులు చూసి మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. "గోడావణ్" అని, చెల్లె తల మీద చెయ్యి పెట్టి ఏదో దీవెన లాంటిది చదివాడు. నాయన దాన్ని ఎత్తుకుని గుండెకు అదుముకున్నాడు. అమ్మ నన్ను కొట్టబోతే చెల్లే అడ్డుపడింది. "అక్కనే కూసోబెట్టింది. అక్క చెప్పినట్టు చేసిన, గందుకే పిట్టొచ్చింది" అంది.

నన్ను ఎవరూ కొట్టలేదు. నాయన ఆ తర్వాత మళ్లీ లెక్కల మార్కుల గురించి అడగలేదు. బండి కదిలినాక నేను వెనక్కి తిరిగి కూర్చుని ఆ పొద వైపు చూస్తూనే ఉన్నాను. చెల్లె దొరికినందుకు సంతోషం ఉండే ఉంటుంది. నాకు గుర్తున్నది మాత్రం అది కాదు. అక్కడ నేను కూర్చుని ఉంటే నాకు కనపడేది కదా అన్న మంట.

*

సెలవుల తర్వాత బళ్లో పంతులమ్మ ఎవరెవరు ఎక్కడికి పోయారని అడిగింది. ఊటీ పోలేదని అప్పటికే పిల్లలు నవ్వుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఎడారిలో బట్టమేక పిట్టను చూశానన్నాను. తెల్ల మెడ, నల్ల టోపీ, పంతులు నడక, ఊపిరి బిగబట్టి కూర్చోవడం, అన్నీ చెల్లె మాటలే. క్లాసంతా నోరు తెరుచుకుని విన్నది. పంతులమ్మ నన్ను పక్క క్లాసుకు కూడా తీసుకుపోయి చెప్పించింది.

సాయంత్రం క్వార్టర్ల పిల్లల ద్వారా అది చెల్లె దాకా వచ్చింది.

"నేను గద అక్కా చూసింది?"

"నువ్వు చూసింది మేకను. బట్టమేక అనంగనే నీకు మేక కనపడ్డది."

"కాదు, మెడ తెల్లగ..."

"తెల్ల మేక. నీకు నాలుగేండ్లు, నీకేం తెలుసు? నేను దిబ్బ మీంచి చూసిన. అసలు పిట్ట నాకే కనపడ్డది."

అది చాలాసేపు నన్ను చూసింది. ఏడవలేదు. "అట్లనా" అని లోపలికి పోయింది. వరండాలో నాయన బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. అన్నీ విన్నాడు. లేసు సగం కట్టి ఆగి, మళ్లీ కట్టుకుని డ్యూటీకి పోయాడు. ఆయన ఒక్క మాట అని ఉంటే ఆ అబద్ధం అక్కడితో పోయేదేమో! ఇన్నేళ్లూ ఆయన మీద ఆ నెపం కూడా వేస్తూ వచ్చాను.

ఏడాది తిరిగేసరికి, ఎవరైనా అడిగితే చెల్లే "మా అక్క చూసింది" అని చెప్పడం మొదలుపెట్టింది. నా పెళ్లయ్యాక మధిరలో అత్తగారింట్లో చెప్పాను ఆ కథ. మా అమ్మాయికి అన్నం తినిపిస్తూ చెప్పాను. తర్వాత మనవలకు. చెప్పగా చెప్పగా నాకు ఆ పిట్ట కనపడుతుంది కూడా. కళ్లు మూసుకుంటే గడ్డిలోంచి వస్తుంది. కానీ ఎప్పుడూ అది నా వైపు చూడదు. పక్కకు చూస్తుంది.

*

"చెప్పు అమ్మమ్మా" అంది మనవరాలు నా మోకాలు కుదుపుతూ.

ఎందుకో ఆ రోజు నా వల్ల కాలేదు. మూడు రోజులు తిరిగి కనపడక ఏడ్చి వచ్చిన పిల్ల. నాకు ఆ ఏడుపు తెలుసు.

"నేను చూడలేదు బిడ్డా" అన్నాను. "చూసింది మీ చిన్నమ్మమ్మ. నేను ఒట్టిగనే నా పేరు చెప్పుకున్న. దాన్ని పొద ఎనక కూసోబెట్టి నేను ఒంటె ఎక్కపోయిన. అప్పుడొచ్చింది పిట్ట."

మా అమ్మాయి వంటింట్లోంచి తొంగి చూసింది. చెల్లె చేతిలో సీతాఫలం తొన అట్లాగే ఉండిపోయింది. కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండుననుకున్నాను.

"ఇప్పుడెందుకే అవన్నీ" అంది మెల్లగా.

"నీకు ఎరుకేనా? నువ్వే చూసినవని?"

"ఎరుక లేకుండ ఎట్లుంటదే?" అని నవ్వింది. "నువ్వు నాకంటె మంచిగ చెప్తవ్ గద అని ఊకున్న."

పిల్లలిద్దరూ ఒక్కసారిగా నన్ను వదిలి దాని ఒళ్లోకి ఎక్కారు. "నువ్వు చెప్పు, నువ్వు చెప్పు" అని గడ్డం పట్టుకుని అడిగారు.

చెల్లె చేతులు తుడుచుకుంది. "పిట్ట నాకు అంత గురుతు లేదురా. మెడ గురుతుంది, అంతే. నాకు మంచిగ గురుతున్నది మీ అమ్మమ్మ రావుడు. చెప్పులు ఏడనో పోయినయ్. గడ్డి కోసుకొని కాళ్లెంబడి నెత్తురు. ఏడ్సుకుంట ఏడ్సుకుంట ఉరికొచ్చి నన్ను గిట్ల గట్టిగ పట్టుకున్నది. ఎంతసేపటికీ వదలలే. మా అక్కకు నేనంటె గింత పాణమా అనుకున్న. తర్వాత ఆయాసం వచ్చినప్పుడల్ల గదే యాది చేసుకునేదాన్ని."

నేను ఏడవడం నాకు గుర్తు లేదు. పట్టుకోవడమూ గుర్తు లేదు. అది అబద్ధం చెప్పే మనిషి కాదు, కాబట్టి జరిగే ఉంటుంది. అట్లాంటి అక్క దానికి ఒకతె ఉంది. నలభై ఏళ్లుగా దాని దగ్గరే ఉంది. నేనే ఎప్పుడూ చూడలేదు.

పిల్లలు ఇంకా చెప్పమని దాన్ని కుదుపుతున్నారు. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడి విన్నాను. ఈ వయసులో కూడా, ఆ ఒళ్లో ఉన్నవాళ్లను చూసి కాదు, చెబుతున్న చెల్లెను చూసి నాకు అసూయే కలిగింది.